"చార్జర్ పోయింది సార్": తిరుపతిలో దొరికే ల్యాప్‌టాప్ అడాప్టర్లు, చార్జింగ్ రిపేర్ల మీద రివ్యూ

ల్యాప్‌టాప్ చార్జింగ్ ఎక్కడం లేదని తిరుపతిలో ఏ కౌంటరు ముందు నిలబడినా మొదట వినబడే మాట ఒకటే: "చార్జర్ పోయింది సార్, కొత్తది వేసుకోండి." చాలాసార్లు అది నిజమే అవుతుంది. కానప్పుడే చిక్కు. ఏడెనిమిది వందలు పెట్టి కొత్తది తెచ్చుకున్నాక కూడా లైటు వెలగదు, మళ్లీ వెళితే "అయితే బోర్డు సార్" అంటారు. ఈ రెండు మాటల మధ్య ఐదు నిమిషాల పరీక్ష ఒకటుంది. అది చేశాకే నోరు విప్పే షాపు మంచి షాపు. ఇక్కడ సరుకునూ పనితనాన్నీ ఆ లెక్కలోనే తూచాం.

బస్టాండు చుట్టుపక్కలా, గాంధీ రోడ్డులో, యూనివర్సిటీ పిల్లల తాకిడి ఉండే బాలాజీ కాలనీ వైపూ కౌంటరు మీద పెట్టే సరుకు మూడు రకాలు: ఒరిజినల్, "కాంపాటిబుల్" (మీ మోడల్‌కు సరిపోయేలా బయటివాళ్లు చేసింది), టైప్-సీ. పనులూ మూడే: జాక్ (ల్యాప్‌టాప్‌లో చార్జర్ పిన్ను దూరే రంధ్రం) మార్చడం, బ్యాటరీ మార్చడం, చిప్ లెవెల్ (మదర్‌బోర్డు మీది చిన్న భాగాల రిపేరు). షాపుల పేర్లు రాయడం లేదు. "ఇప్పుడు లేదు, రేపు చెన్నై నుంచి తెప్పిస్తా" అన్నారంటే అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ సరుకు అని అర్థం. దానికి ఏ షాపైనా ఒకటే.

షాపుకు పోకముందు

అడాప్టర్‌ను ముందు గోడకు మాత్రమే పెట్టండి, ల్యాప్‌టాప్‌కు వద్దు. ఇటుక (తీగ మధ్యలో ఉండే అడాప్టర్ డబ్బా) మీద చిన్న లైటు ఉంటే వెలిగిందా చూడండి. వెలగకపోతే గోడకూ ఇటుకకూ మధ్య ఉండే పవర్ కార్డు మార్చి చూడండి. మూడు రంధ్రాల ఆ కార్డు దాదాపు అన్ని కంపెనీలదీ ఒకటే, పక్కింటి డెల్‌ది మీ లెనోవోకు సరిపోతుంది. ఇటుకలోకి దూరే కొన వదులైపోవడం మామూలే. వంద నూటయాభై కార్డుతో పోయేదానికి అడాప్టర్‌నే పారేసేవాళ్లకు లోటు లేదు.

లైటు వెలిగిందనుకోండి. ఇప్పుడు పిన్ను ల్యాప్‌టాప్‌లో పెట్టండి. లైటు అలాగే ఉంటే ఒక సంగతి. ఆరిపోయినా, టక్ టక్‌మని మిణుకుమన్నా, అసలు కథ అక్కడుంది. ల్యాప్‌టాప్ లోపల ఎక్కడో షార్ట్ ఉండి, అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి మూసుకుంటోందన్నమాట. పిన్ను పీకి, గోడ నుంచీ తీసి, ఒక నిమిషం ఆగి మళ్లీ గోడకు పెడితే లైటు తిరిగొస్తుంది. అడాప్టర్ బలహీనపడినా లోడు పడగానే ఆరిపోవచ్చు, కాబట్టి అదే వోల్టేజీ, అదే పిన్ను ఉన్న ఇంకో అడాప్టర్‌తో ఒక్కసారి చూడండి. రెండూ ఆరిపోతే కొత్త చార్జర్ కొనడం దండగ. ఈ ఒక్క పరీక్ష చేయకుండా చార్జర్ అమ్మిన కౌంటరుకు మళ్లీ వెళ్లొద్దు.

పైసా ఖర్చు లేనివి ఇంకో రెండున్నాయి. చార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్‌ను 30 సెకండ్లు నొక్కి పట్టుకోండి. లోపలి కంట్రోలర్ మొండికేసినప్పుడు దీంతోనే దారికొస్తుంది. కొన్ని లెనోవో మోడళ్లలో బ్యాటరీ ఊడదు. వాటికి కింది మూతకు సూది దూరేంత రంధ్రం ఒకటి ఉంటుంది, అందులో పేపర్ పిన్ను పెట్టి కొన్ని సెకండ్లు మెల్లగా నొక్కాలి. రెండోది, "60 దగ్గరే ఆగిపోతోంది", "80 దాటడం లేదు" అనే ఫిర్యాదు. ఇది రోగం కాదు. బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలని కంపెనీ పెట్టిన సెట్టింగు. లెనోవో వాంటేజ్‌లో కన్జర్వేషన్ మోడ్ అనీ, ఆసుస్‌లో బ్యాటరీ హెల్త్ చార్జింగ్ అనీ, డెల్, హెచ్‌పీల్లో బయోస్‌లోనూ (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) ఉంటుంది. దీన్ని ఆఫ్ చేసి "సర్వీసింగ్" పేరుతో మూడు వందలు తీసుకునేవాళ్లు ఉంటారు. అలాగే 95 శాతం పైన ఉండగా చార్జర్ పెడితే చాలా ల్యాప్‌టాప్‌లు ఎక్కించవు, అదీ తప్పు కాదు.

కాంపాటిబుల్ అడాప్టర్: 5కు 2.5

ధర ఐదారు వందల నుంచి వెయ్యి దాకా. కౌంటరు మీద ఎక్కువ కదిలేది ఇదే. దీన్ని మొత్తంగా తిట్టడం న్యాయం కాదు, మెచ్చుకోవడానికీ పెద్దగా లేదు.

మొదట లేబుల్. డెల్, హెచ్‌పీలకు సాధారణంగా 19.5 వోల్టులు, లెనోవోకు 20, ఏసర్, ఆసుస్‌ల చాలా మోడళ్లకు 19. 65 వాట్లదైతే ఆంపియర్లు వరసగా 3.34 (హెచ్‌పీ లేబుల్ మీద 3.33), 3.25, 3.42 అని ఉంటాయి. వోల్టేజీ అర వోల్టు అటూ ఇటూ అయితే ప్రమాదం లేదు. ఆంపియర్లు పాతదానికన్నా ఎక్కువుంటే పర్వాలేదు, ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే లాగుతుంది. తక్కువుంటేనే కష్టం. 90 వాట్ల ల్యాప్‌టాప్‌కు 65ది అంటగడితే ఆన్ అవుతుంది, బ్యాటరీ మాత్రం నత్తనడక. గేమింగ్ మోడల్‌కైతే చార్జర్ పెట్టి ఉండగానే బ్యాటరీ తరిగిపోతుంది. "అన్నా, ఇది ఎన్ని వాట్లది?" అని అడగండి. "అన్నిటికీ సెట్ అవుతుంది" అని జవాబు వస్తే చేతిలోకి తీసుకుని మీరే చదవండి.

రెండోది పిన్ను మధ్యలో ఉండే సన్న సూది. డెల్, హెచ్‌పీ గుండ్రటి పిన్నుల్లో కరెంటు సూదిలో రాదు. గొట్టం లోపలి గోడ ప్లస్, బయటి గోడ మైనస్. సూది అడాప్టర్ ఎవరిదో, ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పే తీగ. డెల్ అడాప్టర్‌లో దీనికోసం చిన్న మెమరీ చిప్పే ఉంటుంది. ఈ కబురు అందకపోతే డెల్ ఆన్ అవుతుంది, కానీ బ్యాటరీని ఎక్కించదు, ప్రాసెసర్ వేగాన్ని కూడా కట్టేస్తుంది. స్టార్ట్ చేయగానే అడాప్టర్ రకం తెలియడం లేదని తెర మీద హెచ్చరిక వస్తుంది, మనం ఎంటర్ కొట్టి ముందుకు పోతాం. తర్వాత వారం రోజులు "విండోస్ స్లో అయింది" అని ఫార్మాట్లు చేయిస్తాం. తేల్చుకోవడం సులువే: ఆన్ చేస్తూ ఎఫ్2 కొట్టి బయోస్‌లో బ్యాటరీ పేజీకి వెళ్లి, అడాప్టర్ ఎదురుగా 65 వాట్లు అని ఉందా, తెలియదని ఉందా చూడండి. హెచ్‌పీలో ఎస్కేప్ కొట్టాక ఎఫ్2 నొక్కితే సొంత డయాగ్నస్టిక్స్ వస్తుంది, అందులో పవర్ పరీక్ష ఉంటుంది. చౌక అడాప్టర్లలో ఈ చిప్ నకిలీది పెడతారు, ఆర్నెల్లకు మరచిపోతుంది. ఒరిజినల్‌లో కూడా పిన్ను దగ్గర పదేపదే వంగి మూడు తీగల్లో అన్నిటికన్నా సన్నదైన ఇదే ముందు తెగుతుంది. లెనోవో పసుపు రంగు చదరపు పిన్నులో మాత్రం చిప్ ఉండదు, ఒక రెసిస్టర్ విలువను బట్టి వాట్లు గుర్తిస్తుంది. అందుకే లెనోవోకు బయటి అడాప్టర్లతో గొడవ తక్కువ.

మూడోది తీగ. ఇది కంటికి కనబడదు, చేతికి తెలుస్తుంది. మంచి అడాప్టర్‌లో ఇటుక నుంచి పిన్ను దాకా ఒక్కో తీగ సుమారు 0.8 చదరపు మిల్లీమీటర్ల రాగి. 1.8 మీటర్లు పోయి రావాలి కాబట్టి 3.6 మీటర్ల తీగ, దాని నిరోధం 0.08 ఓమ్‌లు. 3.3 ఆంపియర్లు పారితే పావు వోల్టు పోతుంది, అంతే. చౌకదాంట్లో 0.2 చదరపు మిల్లీమీటర్లదే వేస్తే అదే దూరానికి 0.3 ఓమ్ దాటుతుంది, వోల్టు పైనే దారిలో కరిగి మూడు వాట్లకు పైగా వేడిగా మారుతుంది. రాగి పూత పూసిన అల్యూమినియం అయితే ఇంకా అన్యాయం. అరగంట పని చేశాక తీగను వేళ్ల మధ్య పట్టుకోండి. ఇటుక వెచ్చగా ఉండొచ్చు, తీగ వెచ్చబడితే దాన్ని తిరిగిచ్చేయండి.

ఇంకో గుర్తు టచ్‌ప్యాడ్. చార్జర్ పెడితే బాణం గుర్తు దానంతట అదే గెంతులేస్తూ, తీస్తే బుద్ధిగా ఉంటే, ఇటుకలో ఫిల్టర్ భాగాలు మిగుల్చుకున్నారనుకోవచ్చు. డ్రైవర్లు మార్చి ప్రయోజనం లేదు.

లేబుల్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని పక్కన ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు, ఐఎస్ 13252 లాంటి ప్రమాణం పేరు ఉండాలి. తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు కిందికి అడాప్టర్లు వస్తాయి. నంబరు ముద్రించడం ఎవడికైనా చేతనవుతుంది, కాబట్టి ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి కౌంటరు దగ్గరే కొట్టి చూడండి. ఆ నంబరు వేరే కంపెనీ ఫోన్ చార్జర్‌ది అని తేలిన పక్షంలో బేరం అక్కడితో ఆపేయొచ్చు.

షాపువాళ్లు మల్టీమీటర్ పెట్టి "చూడండి, 19.5 వస్తోంది" అని చూపిస్తారు. అది సగం పరీక్షే. లోపలి కెపాసిటర్లు ఎండిపోయిన అడాప్టర్ కూడా లోడు లేకుండా 19.5 చూపిస్తుంది, లోడు పడితే పదహారుకు జారుతుంది. దీనికి 10 ఓమ్‌లు, 50 వాట్లు అని రాసున్న బంగారు రంగు అల్యూమినియం రెసిస్టర్ చాలు, వందో రెండొందలో అవుతుంది. మందపాటి ఇనుప రేకుకో హీట్‌సింక్‌కో బిగించి, అడాప్టర్ ప్లస్, మైనస్‌లకు 20 సెకండ్లు కలిపి, ఆ సమయంలో వోల్టేజీ చూడాలి. రెండు ఆంపియర్ల కన్నా కొంచెం తక్కువ, అంటే 38 వాట్లు లాగుతుంది. 65 వాట్ల అడాప్టర్‌కు ఇది తేలికపని, 19 దిగువకు రాకూడదు. రెసిస్టర్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, ముట్టుకోకండి. మీటర్ కొనను సూదికి తగిలించి "వోల్టేజీ లేదు" అని తేల్చేవాళ్లను చూస్తే మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఒరిజినల్: 5కు 4.5

మోడల్‌ను బట్టి పదిహేను వందల నుంచి మూడు వేల పైచిలుకు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కొన్నదానికి వారంటీ కాగితం ఉంటుంది. కౌంటరు మీద "ఒరిజినల్" అని అమ్మేదాంట్లో కొంత పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ సరుకు. అది చెడ్డది కాదు, నిజానికి కొత్త చౌకదానికన్నా పాత ఒరిజినలే నయం, ధర మాత్రం సెకండ్ హ్యాండ్‌దిలా ఉండాలి. పిన్ను వెనకాల రెండు మూడు సెంటీమీటర్ల తీగను వంచి చూడండి, పగుళ్లు మొదలయ్యేది అక్కడే. అర మార్కు తగ్గించింది ఆ తీగ కోసమే. ఇన్నేళ్లయినా ఏ కంపెనీ ఆ మెడను గట్టిగా చేయలేదు.

టైప్-సీ 65 వాట్లు: ల్యాప్‌టాప్ ఒప్పుకుంటే 4

ఇక్కడ కౌంటరులో చెప్పే అబద్ధాల కన్నా అమాయకత్వమే ఎక్కువ. మీ ల్యాప్‌టాప్‌కు టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన దాంతో చార్జింగ్ ఎక్కదు. చౌక మోడళ్లలో చాలావాటికి అది డేటాకు మాత్రమే. రంధ్రం పక్కన బ్యాటరీ బొమ్మో ప్లగ్ బొమ్మో ఉందా, మాన్యువల్‌లో పవర్ డెలివరీ అని రాసుందా చూసుకోండి.

టైప్-సీలో పొద్దున్నించీ 20 వోల్టులు నిలబడి ఉండవు. తగిలించగానే చార్జరూ ల్యాప్‌టాప్పూ మాట్లాడుకుని 5, 9, 15, 20లలో ఒకటి ఖాయం చేసుకుంటాయి. అందువల్ల మల్టీమీటర్‌తో దీన్ని పరీక్షించలేం. మధ్యలో పెట్టే చిన్న తెర ఉన్న టైప్-సీ టెస్టర్ కావాలి, షాపులో అది ఉందా అడగండి. తెర మీద 5 వోల్టుల దగ్గరే ఆగిందంటే ఒప్పందం కుదరలేదు.

పూర్తి 65 వాట్లు రాకపోవడానికి మొదటి కారణం కేబుల్. మామూలు టైప్-సీ కేబుల్ మూడు ఆంపియర్లకే, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. 65 వాట్లంటే 3.25 ఆంపియర్లు కాబట్టి లోపల గుర్తింపు చిప్ ఉన్న ఐదు ఆంపియర్ల కేబుల్ ఉండాలి. పెట్టె మీద 65 అని పెద్దగా వేసి, లోపల మూడు ఆంపియర్ల కేబుల్ పెట్టిన సరుకు ఉంది. పనిచేస్తుంది, కాకపోతే 60కే. రెండో కారణం ఫోన్ చార్జర్లు. 67 వాట్లు, 80 వాట్లు అని రాసున్న చాలా ఫోన్ చార్జర్లు ఆ బలం తమ ఫోన్‌కే చూపిస్తాయి, ల్యాప్‌టాప్ ముందు చప్పబడిపోతాయి. మూడోది, రెండు రంధ్రాల చార్జర్‌లో ఫోన్ కూడా పెట్టగానే 65 కాస్తా 45, 20గా చీలిపోతుంది. చీలేటప్పుడు ల్యాప్‌టాప్‌కు క్షణంపాటు కరెంటు ఆగి మళ్లీ వస్తుంది, కంగారు పడొద్దు.

ఒక మార్కు ఎందుకు తగ్గిందంటే రంధ్రం సున్నితం. అందులో 20 వోల్టులు వచ్చే పిన్ను, మాటలు నడిచే పిన్ను పక్కపక్కనే ఉంటాయి. మంచం మీద వాలుగా పెట్టుకుని కేబుల్ లాగినా, చెమట, దుమ్ము చేరినా రెండూ కలుస్తాయి, మాట్లాడే చిప్ కాలిపోతుంది. ఇక ఆ రంధ్రం ఐదు వోల్టులకే పరిమితం. ఆ చిప్ మార్చడం బోర్డు పని, కొన్ని మోడళ్లలో లోపలి ప్రోగ్రాం కూడా ఎక్కించాలి. గుండ్రటి జాక్ మూడొందల వస్తువు, దాని మోటుతనమే దాని బలం.

జాక్ మార్చడం: 5కు 4.5

వంచి పట్టుకుంటేనే చార్జింగ్ ఎక్కుతుంది, పిన్ను తీస్తే కొన వేడిగా ఉంది, రంధ్రంలో నల్లబడింది: ఇవి జాక్ గుర్తులు. వేరే అడాప్టర్ పెట్టినా అలాగే వంచాల్సి వస్తే అనుమానం అక్కర్లేదు. ఈ పని తిరుపతి షాపుల్లో బాగానే చేస్తారు, మార్కులు అందుకే.

ధర అడిగే ముందు ఒక ప్రశ్న వేయండి: "జాక్ కేబుల్‌తో ఉందా, బోర్డుకే అతికి ఉందా?" కేబుల్‌తో వచ్చేదైతే మూత విప్పి, పాతది పీకి కొత్తది గుచ్చడమే, అరగంట పని. బోర్డుకు అతికి ఉంటే బోర్డు మొత్తం బయటికి తీసి, పాత టంకం పీల్చి, కొత్తది అతకాలి. మొదటిదానికి రెండోదాని కూలి అడగడం మామూలు తంతు. మూత విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టర్ తీశాడా చూడండి. తీయకుండా టంకం కడ్డీ పట్టుకున్నవాడి దగ్గర నుంచి ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకోండి.

బ్యాటరీ: 5కు 3

తిరుపతిలో బ్యాటరీ అంటే కరకంబాడి అమర రాజా గుర్తుకొస్తుంది, ఇన్వర్టర్ బ్యాటరీకి నేర్చుకున్న అలవాట్లే ల్యాప్‌టాప్‌కూ పెడతాం. లిథియం సంగతి వేరు. దాన్ని పూర్తిగా దించి నింపే వ్రతం అక్కర్లేదు, ఎప్పుడూ 100 దగ్గర వేడిలో ఉంచడమే దానికి ఎక్కువ చేటు.

మార్చాలో వద్దో షాపు చెప్పక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిషులో పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత, దాని వెంటనే బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది, ఎక్కడుందో అక్కడే చెబుతుంది. బ్రౌజర్‌లో తెరిస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ కనబడతాయి. మొదటిది 41,000, రెండోది 33,000 అయితే ఇంకా లాగొచ్చు. 20,000 దిగితే మార్చే వేళయింది. అంకెలు బాగున్నా 40 శాతం నుంచి ఒక్కసారిగా ఆరిపోతుంటే లోపల ఒక సెల్ బలహీనపడింది.

షాపు బ్యాటరీ పదిహేను వందల నుంచి మూడున్నర వేల దాకా. పాత సెల్స్‌కు కొత్త తొడుగు వేసిన సరుకు ఉంది, దాని చిప్‌లో అంకెలు దిద్ది కొత్తదనిపిస్తారు. కాబట్టి రిపోర్ట్‌తో పాటు గడియారం కూడా చూడండి. 40 వాట్ అవర్ బ్యాటరీ, తెర వెలుతురు తగ్గించి టైపింగ్ పని చేస్తే ల్యాప్‌టాప్ ఎనిమిది వాట్లు లాగుతుందనుకుంటే ఐదు గంటలు రావాలి. రెండున్నరే వస్తే సెల్స్ సగం అరిగినవి. ఈ పరీక్షకు రెండు మూడు రోజులు పడుతుంది, వారం లోపు వాపసు అని బిల్లు మీద రాయించుకోండి. బ్యాటరీకి చూడాల్సిన ప్రమాణం ఐఎస్ 16046. థింక్‌ప్యాడ్ వాళ్లకు ఒక హెచ్చరిక: చాలా మోడళ్లు బయటి బ్యాటరీని గుర్తుపట్టి చార్జింగ్‌కే ఒప్పుకోవు.

నెలల తరబడి వాడక పూర్తిగా చచ్చిన బ్యాటరీని "జంప్ ఇచ్చి లేపుతాం" అంటే వద్దనండి. సెల్ వోల్టేజీ మరీ దిగిపోయి అక్కడే చాన్నాళ్లు ఉంటే లోపలి రాగి కరిగి, మళ్లీ ఎక్కించినప్పుడు లోపలే షార్ట్ అయ్యే వీలుంది. బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ తలుపు వేసింది అందుకే. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా బ్యాటరీ ఉబ్బింది. ఆ రోజు నుంచి చార్జింగ్ పెట్టకండి, గుచ్చకండి, చెత్తబండిలో వేయకండి. కొత్తది కొన్నచోటే పాతది అప్పగించండి.

మే నెలలో వచ్చే ఒక ఫిర్యాదు వేరు. ఎండ 40 దాటిన మధ్యాహ్నం, ల్యాప్‌టాప్ స్కూటీ డిక్కీలో గంట ఉండి ఇంటికి వస్తుంది, చార్జర్ పెడితే ఎక్కదు. లిథియం సెల్ 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ ఆపేసేలా రక్షణ ఉంటుంది. ఫ్యాన్ కింద అరగంట పెట్టి మళ్లీ చూడండి, షాపు దాకా పోనక్కర్లేదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, తడి పడుతుంది.

చిప్ లెవెల్: నంబరు వేయలేం

ఇది సరుకు కాదు, మనిషి పనితనం. ఒకే బోర్డు మీద ఏ షాపుకు వెళ్లినా వేరే తీర్పు వస్తుంది. చూడాల్సింది బల్ల. దాని మీద కరెంటు పరిమితి పెట్టగల డీసీ పవర్ సప్లై, మైక్రోస్కోపు ఉన్నాయా? సప్లై నుంచి 19 వోల్టులు ఇచ్చి ఆంపియర్ల అంకె చూస్తే బోర్డు సగం కథ చెబుతుంది. బటన్ నొక్కకముందు 0.01, 0.03 మధ్య చూపిస్తే లోపలికి కరెంటు వెళుతోంది, స్టాండ్‌బై లైన్లు (ఆఫ్‌లో ఉన్నా కరెంటు ఉండేవి) వచ్చాయి. 0.00 అయితే జాక్ దగ్గరో, ఫ్యూజ్ దగ్గరో, మొదటి మోస్‌ఫెట్ (కరెంటును స్విచ్‌లా ఆపి వదిలే భాగం) దగ్గరో తెగింది. పెట్టగానే పరిమితి దాకా ఎక్కితే షార్ట్. అడాప్టర్ లైటు ఆరిపోయిన కేసు ఇదే.

షార్ట్ అంటే చాలాసార్లు ఆవగింజంత సిరామిక్ కెపాసిటర్ ఒకటి లోపల చిట్లడం. తెలిసినవాడు షార్ట్ అయిన లైనుకు ఒక వోల్టు మాత్రమే ఇచ్చి, బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూస్తాడు. మిగతా తడి అలాగే ఉండగా ఒక్క చోట మాత్రం క్షణాల్లో ఆరిపోయి పొడిబారుతుంది. దోషి అదే. తీసి కొత్తది వేస్తే పని పూర్తి. తెలియనివాడు హాట్ ఎయిర్‌తో ఆ ప్రాంతమంతా కాల్చి "చూద్దాం" అంటాడు. బల్ల దగ్గర నిలబడనిస్తే నిలబడండి. వద్దంటే కనీసం ఏ లైను షార్ట్, ఏ భాగం మార్చారు అని అడిగి, తీసిన పాత భాగం చేతికి తీసుకోండి. ఖర్చు రెండు నుంచి ఐదు వేల దాకా పోతుంది, కుదరకపోతే ఎంత తీసుకుంటారో ముందే మాట్లాడుకోండి.

"బోర్డు చచ్చిపోయింది, స్క్రాప్‌కు ఇచ్చేయండి, రెండు వేలిస్తాం" అనే మాట మొదటి పది నిమిషాల్లో వస్తే ల్యాప్‌టాప్ తీసుకుని ఇంకో చోట చూపించండి. మీ ఫైళ్లుండే ఎస్‌ఎస్‌డీని విప్పించి మీ దగ్గరే ఉంచుకోండి, చార్జింగ్ రిపేరుకు దానితో పని లేదు. బోర్డే మార్చాల్సి వస్తే, బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే రాసిపెట్టుకోవాలి, లేకపోతే డిస్కు తెరుచుకోదు.

నీళ్లు పడ్డవాటి సంగతి. 2021 నవంబరు వానల్లో ఊరు మునిగినప్పుడైనా, కాఫీ గ్లాసు ఒలికినప్పుడైనా జరిగేది ఒకటే. ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నా బ్యాటరీ తగిలి ఉన్నంతసేపూ కొన్ని లైన్లలో 3.3 వోల్టులు ఉంటాయి, తడి, వోల్టేజీ కలిసి రాగిని తినేస్తాయి. చార్జర్ పీకి, వెంటనే మూత విప్పించి బ్యాటరీ కనెక్టర్ తీయించాలి. బియ్యం డబ్బాలో పెట్టి మూడు రోజులు చూడటం వల్ల బియ్యానికీ లాభం లేదు, బోర్డుకూ లేదు.

ఇంటి కరెంటు

చార్జర్లు వరసగా పోతుంటే తప్పు చార్జర్‌ది కాకపోవచ్చు. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది, కాబట్టి లో వోల్టేజీకి భయం లేదు, స్టెబిలైజర్ అక్కర్లేదు. భయమల్లా న్యూట్రల్ తెగినప్పుడు. అప్పుడు 230 రావలసిన ఇంటికి 300 పైన, ఒక్కోసారి 400 దాకా వచ్చేస్తుంది. అడాప్టర్ లోపలి పెద్ద కెపాసిటర్ సాధారణంగా 400 వోల్టులది. 230కి దాని మీద పడేది 325. లైను 300 అయితే 424 పడి అది ఉబ్బుతుంది, ఫ్యూజు పోతుంది. స్పైక్ గార్డు పిడుగు తాలూకు క్షణపాటు దెబ్బకు పనికొస్తుంది, నిమిషాల తరబడి వచ్చే ఈ వోల్టేజీకి అదే కాలిపోతుంది. బల్బులు ఉన్నట్టుండి మరీ తెల్లగా వెలిగితే మెయిన్ ఆపి, ఎస్పీడీసీఎల్ హెల్ప్‌లైన్ 1912కు ఫోన్ చేయండి.

మెటల్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోందని చార్జర్ మార్చేవాళ్లున్నారు. అడాప్టర్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల గుండా చిన్నపాటి లీకేజీ ఉంటుంది, అది ఎర్త్ పిన్ను గుండా పోవాలి. గోడ సాకెట్‌లో ఎర్త్ లేకపోయినా, మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌లో దూర్చినా అది మీ వేళ్ల గుండా పోతుంది. కన్వర్టర్ తీసేసి చూడండి. అప్పటికీ ఉంటే మల్టీమీటర్‌ను ఏసీ మీద పెట్టి సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కొలవండి. 230 దగ్గర రావాలి. 100, 120 అని తేలుతూ ఉంటే పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ను, ల్యాప్‌టాప్ షాపును కాదు.